కాణిపాకంలో ప్లీడరు గారు

ప్లీడరు గారు పోయిన తర్వాత చిత్తూరులో సంతాపసభ జరిగింది. కోర్టు వెనక వీధిలో ఆయన ఇంటి ముందరి గదే మా న్యాయ సహాయ సంఘానికి చాలా ఏళ్లు కార్యాలయం. అందుకని సభ కూడా ఆ ఇంటి ముందే, వీధిలో షామియానా వేసి పెట్టారు. మాట్లాడినవాళ్లందరూ ఆయన మంచివాడన్నారు. అందులో ఒక యువ న్యాయవాది మరి కాస్త ముందుకు పోయి, ప్లీడరు గారు జన్మలో ఏ గుడి గడపా తొక్కలేదనీ, సంఘంలో ఆయన పెట్టిన నియమాన్ని ఏదో పెద్ద న్యాయశాస్త్ర గ్రంథంలో చదివి తెచ్చారనీ చెప్పాడు.

రెండూ సరి కాదు. సభలో లేచి ఒకరిని సరిదిద్దడం నాకు అలవాటు లేదు. తిరుపతికి తిరిగి వచ్చాక పాత డైరీలు తీసి చూసుకున్నాను. నా డైరీలో వివరాలు తక్కువ. ఎక్కడికి పోయాను, ఎవరు వచ్చారు, ఎండా వానా, ఇంతే ఉంటుంది. మిగతాది జ్ఞాపకం నుంచి రాస్తున్నాను.

నియమం ఏమిటంటే, సంఘం తరఫున ఎవరికి ఏ దావా కాగితం తయారైనా, సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకునే ముందు, అందులోని ప్రతి వాక్యాన్నీ వాళ్ల భాషలో వాళ్లకు చెప్పాలి. చెప్పి, "ఇది నీ మాటేనా?" అని అడగాలి. కాదంటే ఆ వాక్యం కొట్టెయ్యాలి. కేసు బలహీనపడినా సరే కొట్టెయ్యాలి. దీనివల్ల పని ఎంత ఆలస్యమయ్యేదో టైపు చేసేవాడిగా నాకు తెలుసు. మొదట్లో ఈ నియమం లేదు. అది ఒక చెరకు తోట వల్ల వచ్చింది.

నేను తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. శనివారం సాయంత్రం బస్సెక్కి చిత్తూరు పోయి, ఆదివారమంతా సంఘంలో టైపు చేసి, రాత్రికి ఇల్లు చేరేవాణ్ణి. నెలకొకసారి ప్లీడరు గారే ఇటు వచ్చేవారు. తిరుచానూరులో ఒక సత్రం వరండాలో కూర్చుంటే పూలమ్మేవాళ్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు వచ్చి తమ గొడవలు చెప్పుకునేవారు. ఎవరి దగ్గరా ఆయన ఫీజు తీసుకోలేదు. ఆ సంగతి సభలో అందరూ చెప్పారు కాబట్టి ఇక్కడ పెంచను.

వాళ్లు చెప్పనిది ఆయన రాత గురించి. తన రాత మీద ఆయనకు గర్వం ఉండేది. కూర్చుని చెప్పడం చేతకాదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ, వేయించిన చెనక్కాయలు ఒలుచుకుని తింటూ, ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయేవారు. పొట్టంతా కోటు జేబులో వేసుకునేవారు. కోర్టులో రుమాలు తీయబోతే బెంచీ ముందు చెనక్కాయ పొట్టు రాలిందని బంట్రోతులు చాలా రోజులు చెప్పుకుని నవ్వారు.

ఆ రోజుల్లో దావా కాగితాల్లో కొన్ని వాక్యాలు తయారుగా ఉండేవి. ఉన్న గొడవను ఉన్నట్టు రాస్తే జడ్జీలకు పట్టదని ప్లీడర్ల నమ్మకం. అందుకని ఎవరో ఎవరినో మెడబట్టి గెంటినట్టో, చెయ్యి పట్టి లాగినట్టో, కత్తి చూపినట్టో ఒక వాక్యం చేర్చేవారు. కోర్టు వరండాల్లో దీన్ని తాలింపు అనేవారు. "మీ దావాలో తాలింపు చాల్లేదప్పా" అని ఒక ప్లీడరు ఇంకొక ప్లీడరును ఎగతాళి చేయడం నేను విన్నాను. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకునేవారు కాదు. అవతలివాళ్లు కూడా తమ జవాబులో తాలింపు వేసేవారు. జడ్జీలు రెండింటిలోనూ అంత తీసేసి చదివేవారు. ఈ పనిలో మా ప్లీడరు గారి చెయ్యి చాలా మంచిదని పేరు.

డెబ్బైల చివర్లో, వేసవి మొదలవుతుండగా ఒక రైతు భార్య మా దగ్గరికి వచ్చింది. చిత్తూరు దాటి పోతే వచ్చే ఒక పల్లె ఆమెది. ముప్పై లోపు వయసు. భర్త ముందటి ఏడాది పోయాడు. ఇద్దరు పిల్లలు. వెంట మేనమామ వచ్చాడు. మాట్లాడడమంతా అతనే.

విషయం తేలికగానే అర్థమైంది. ఆమె భర్త, అతని అన్న వేరు పడ్డాక, ఇద్దరి పొలాల మధ్య కలిసి ఒక బావి తవ్వుకున్నారు. తవ్విన చోటు అన్న భాగంలో ఉంది. మోటారు కూడా అన్న పేరు మీదే ఉంది. ఒక రోజు నీళ్లు అన్నకు, మరుసటి రోజు తమ్ముడికి. తమ్ముడు ఉన్నంత కాలం ఆ వంతు అట్లాగే నడిచింది. అతను పోయాక అన్న ఆమె వంతు ఆపేశాడు. మగదిక్కు లేని సేద్యం ఎందుకు, ఆమె పొలంలోని కయ్యలు తనకు గుత్తకిచ్చి ఏడాదికి ఇంత తీసుకోమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. బావి తన భూమిలో ఉంది, తాను తవ్వించుకున్నదే అని అతను అడ్డం తిరిగాడు. ఆమె కయ్యల్లో అప్పటికే చెరకు ఉంది. నీళ్లు రాకపోతే ఎండుతుంది. ఎండితే ఆ ఏటికి ఆమెకు ఇంకేమీ లేదు, ఆ పైన కయ్యలు గుత్తకు ఇవ్వక తప్పదు. ఆమెకు కావలసింది తన వంతు నీళ్లు. అది కూడా చెరకు చావకముందు.

ప్లీడరు గారు దావా చెప్పారు, నేను టైపు చేశాను. ఫలానా రోజు ఉదయం ఆమె కాలవకు మడవ కోసి నీళ్లు తిప్పుకోవడానికి పోతే, ప్రతివాది ఆమె చెయ్యి పట్టి గెనిమ గట్టు మీద నుంచి ఈడ్చేశాడని అందులో ఒక వాక్యం ఉంది. దావా వేశాం. నీళ్లు వదలమని మధ్యంతర ఉత్తర్వు అడిగాం. అవతలి పక్షానికి నోటీసు ఇవ్వమన్నారు. అవతలి ప్లీడరు గడువు అడిగాడు. అంతలో కోర్టుకు వేసవి సెలవులు వచ్చి, వాయిదా సెలవుల అవతలికి పడింది.

సెలవుల్లో ఒక ఆదివారం ఆమె, మేనమామ మళ్లీ వచ్చారు. ఆమె గడప దగ్గరే కూర్చుంది. మేనమామ నిలబడే మొదలుపెట్టాడు.

"సామీ, ఈ మొద్దుకు మీరన్నా బుద్ధి సెప్పండి. దీని బావ కాణిపాకానికి రమ్మంటా ఉండాడు. పోయి నీళ్లు పోసుకోని ఒక్క మాట సెప్పిందంటే బాయి మాదయిపోతాది. ఇది రానంటాది."

కాణిపాకం అంటే ఏమిటో మా జిల్లాలో ఎవరికీ చెప్పక్కరలేదు. అక్కడి వినాయకుని ముందు, తల మీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో చెప్పిన మాటకు తిరుగుండదు. అబద్ధం చెప్పినవాణ్ణి దేవుడు వదలడని నమ్మకం. కోర్టులో పుస్తకం మీద చెయ్యి వేసి ఏదైనా చెప్పగలిగిన మనిషి అక్కడికి రమ్మంటే మాత్రం వెనకాడడం నేను చూశాను.

"ఏం మాట చెప్పాలంట?" అన్నారు ప్లీడరు గారు.

"కాయితంలో ఉండే మాటే సామీ. వాడు సెయ్యి పట్టుకోని ఈడ్సినాడని."

"ఈడ్సలేదు కదా మామా" అంది ఆమె, తల ఎత్తకుండా.

"ఈడ్సకపోతే ఏమే? నీళ్లు నిలేసినాడా లేదా? అది ఈడ్సిన దానికంటే తక్కవా? దేవునికి తెల్దా నీ కష్టం?"

"తెలుసు కాబట్టే నేను పోను."

ప్లీడరు గారు చెనక్కాయలు ఒలవడం ఆపారు. "ఆయన నీ చెయ్యి పట్టుకోలేదామ్మా?" అని అడిగారు.

"సెయ్యా? మా బావ నా మొగాన మొగం పెట్టి మాట్లాడింది కూడా లేదు సామీ, నేను ఆ ఇంటికొచ్చినప్పట్నించి."

మా పల్లెల్లో తమ్ముడి భార్యకూ, బావకూ మధ్య ఉండే మర్యాద అది. ఆయన వస్తే ఆమె పక్కకు తప్పుకుంటుంది. ఆయన ఏదైనా చెప్పాలంటే ఆమెతో చెప్పడు. పిల్లలతోనో, భార్యతోనో, పక్కన ఎవరుంటే వాళ్లతోనో "ఆమెకు సెప్పు" అంటాడు. ఆమె అక్కడే ఉండి వింటున్నా సరే. ఈ సంగతి ప్లీడరు గారికి తెలియదని కాదు. వాళ్ల ఇళ్లల్లోనూ అదే మర్యాద. కాగితం చెప్పేటప్పుడు ఆయనకు ఎదురుగా ఉన్నది కాగితమే.

"మరి ఆ పొద్దు ఏం జరిగింది?"

"ఆ పొద్దు సేన్లో ఎవురూ లేరు సామీ. పిలకాయలు బడికి పోయినారు. ఆయన అవతల గెనిమ మింద మొగం అట్ల తిప్పుకోని నిలబడినాడు. మా ఎనుము మేస్తా ఉండె. దాంతో సెప్పినాడు. ‘ఏయ్, ఈ పొద్దుట్నించి ఈ కయ్యలకు నీళ్లు లేవు, ఇంటికి పొమ్మను’ అని."

"ఎనుముతోనా? బర్రెతోనా?"

"ఎనుముతోనే. నేనూ ఎనుముతోనే సెప్తిని. ‘నా మొగుడు తవ్విన బాయి, నేను యాడికీ పొయ్యేది లేదు’ అంటిని. ఆయన ఎనుము పక్క సూసి ఇంకో రెండు మాటలన్యాడు. నేనూ అంటిని. అది నాకేం పట్టిందని గడ్డి మేస్తానే ఉండె."

మేనమామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "సామీ, ఎనుమును సాక్షికి పిలిపించేదానికి లేదా?"

ప్లీడరు గారు నవ్వలేదు. "నేను రాసేటప్పుడు నువ్వు ఈడనే కూసోని ఉంటివి కదమ్మా. అట్ల జరగలేదని ఒక మాట చెప్పకపోతివే" అన్నారు. గొంతులో కొంచెం కోపం ఉంది.

"మీరు ఇంగిలీసులో సెప్తా తిరగతా ఉంటిరి. ఆ సారు టకటకా కొడతా ఉండె. అయినంక ఈడ వేలెయ్యమంటిరి. వేస్తిని."

దావా చివర, వేలిముద్రకు పైన, ‘చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకుని’ అనే అర్థంలో ఒక వాక్యం ప్రతి కాగితంలోనూ ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరూ ఎవరికీ చదివి వినిపించేవారు కాదు. ఆ వాక్యం కూడా తయారుగా ఉన్న వాక్యాల్లో ఒకటి.

"అది లేకుంటే జడ్జి ఉత్తర్వు ఇయ్యడప్పా. ఏదో ఒకటి జరిగినట్టు చూపించాల" అన్నారు ప్లీడరు గారు, మేనమామ వైపు తిరిగి.

"ఉండి మాత్రం ఇచ్చినాడా సామీ?" అన్నాడు అతను. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. 

తర్వాత మిగిలిన కథ బయటికి వచ్చింది. దావా వేసే నాటికి ఊరి పెద్దమనుషులు ఆమె బావకు చాలావరకు నచ్చజెప్పారు. ‘కానీలే, ఈ పంట వరకు వదల్తా’ అని అతను అన్నాడు కూడా. అంతలో నోటీసు వచ్చింది. అతని ప్లీడరు దాన్ని తెలుగులో చెప్పాడు. తమ్ముడి భార్య చెయ్యి పట్టుకున్నావని రాశారని విని, ఆ మనిషి కోర్టు మెట్ల మీదే కూర్చుండిపోయాడట. ఊరికి పోయి మోటారు గదికి తాళం వేశాడు. నీళ్ల సంగతి వదిలేసి ఈ ఒక్క మాట పట్టుకున్నాడు. అమావాస్య మరునాడు కాణిపాకం రమ్మన్నాడు. తడిబట్టలతో ఆ మాట చెబితే బావినే ఆమెకు రాసిస్తానన్నాడు. చెప్పకపోతే కేసు మానుకోవాలి, బావి పేరు ఎత్తకూడదు. పెద్దమనుషులు దానికి సరేనన్నారు.

"తోట ఎట్లుండాది?" అని అడిగారు ప్లీడరు గారు. ఎప్పుడూ పట్నం మాట మాట్లాడే ఆయన నోట ఆ పూట ఊరి మాటే వస్తూ ఉంది.

"ఆకు సుట్టుకుంటా ఉండాది సామీ. కింది కయ్య పచ్చగా తిరిగింది."

పచ్చగా అంటే మా వైపు పసుపురంగు. ఎండిపోయే ముందు రంగు అది.

కాగితం దిద్దడానికి కోర్టు లేదు. కోర్టు తెరిచే వరకు చెరకు ఆగదు. అతను రమ్మన్న చోటికి పోక తప్పదు, పోతే ఆమె చెప్పగలిగింది లేదు. ప్లీడరు గారు రెండు మూడు సార్లు గది ఇటు నుంచి అటు నడిచి, "ఆ పొద్దుకు నేనూ వస్తా" అన్నారు.

"మీరొస్తే ఇంకేముండాది సామీ! వాడు భయపడి సస్తాడు" అన్నాడు మేనమామ.

"భయపెట్టేదానికి కాదప్పా" అన్నారు ఆయన.

వాళ్లు పోయాక నేను ఒక మాట చెప్పాను. దావాలోని వాక్యం మీరు కల్పించిందని పదిమందిలో చెబితే, అవతలి ప్లీడరు దాన్ని రేపు కోర్టులో వాడుకుంటాడని, మీ మిగతా దావాల మీద కూడా పడుతుందని అన్నాను. "వాడుకోనీ" అన్నారు.  ఆ రోజు నా డైరీలో ‘ఎండ విపరీతం, కరెంటు లేదు’ అని మాత్రమే ఉంది.

అమావాస్య మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టి చిత్తూరు పోయాను. ఇద్దరం కాణిపాకం బస్సెక్కాం. అప్పట్లో అది చిన్న ఊరు. గుడి కూడా చిన్నదే. ఆమె, మేనమామ ముందే వచ్చి ఒక గోడ నీడన ఉన్నారు. ఆమె అప్పటికే స్నానం చేసి ఉంది. చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరూ చెయ్యమనకముందే చేసిందని మేనమామ విసుక్కున్నాడు. "సెప్పేది లేనప్పుడు తడిసేదెందుకే?" అంటున్నాడు. 

బావ ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. పొడుగ్గా, ఎండిపోయి, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఆమె ఉన్న వైపు చూడకుండా, ఒక పక్కకు తిరిగి నిలబడ్డాడు. అట్లా నిలబడే మనిషి చెయ్యి పట్టి ఈడ్చాడని రాయడం ఎంత తప్పో ఎవరూ వివరించనక్కరలేకపోయింది. 

"ఏమప్పా, ఆమెను రమ్మనండి. సెప్పమనండి" అన్నాడు బావ, పెద్దమనుషులతో.

ప్లీడరు గారు ముందుకు పోయారు. "ఆమె చెప్పదు. ఆ మాట ఆమెది కాదు. నేను రాసినాను" అన్నారు.

"ఎవురప్పా నువ్వు?"

"ఆమె ప్లీడర్ని."

అతను ఆయన్ను కింది నుంచి పైకి చూశాడు. "నువ్వేనా? నాయనా, నీకు నేనేం సేసినాను? నన్ను సూసినావా ఎప్పుడన్నా? ఊర్లో తల ఎత్తలేకుండా ఉండా. నా పెండ్లాము నాతో మాట్లాడి ఎన్ని దినాలయిందో లోపలుండే దేవుని అడుగు. సంగటి తట్ట ముందర పెట్టి పక్కకు తిరుక్కుంటాది."

"తప్పు నాది. కోర్టు తెరవంగానే కొట్టేస్తాను."

"కోర్టులో నువ్వు ఏం రాస్తావో, ఏం కొట్టేస్తావో నాకేం తెలుసు? ఇంగిలీసులో రాస్తివి, ఇంగిలీసులోనే కొట్టేస్తావు. ఈడ సెప్పు. వాళ్లు వింటారు."

"చెప్తానే ఉండా కదా."

"అట్ల కాదు. నీళ్లు పోసుకోని సెప్పు."

ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకరికి ఇది అతి అనిపించినట్టుంది. "పోనీలేప్పా, సదువుకున్నాయన" అన్నాడు. బావ వినలేదు. "సదువుకున్నాయన కాబట్టే" అన్నాడు.

ప్లీడరు గారికి దేవుడి మీద నమ్మకం లేదన్నది నిజమే. ఇంట్లో పూజలకు కూడా కూర్చునేవారు కాదు. ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చారు. కళ్లద్దాలు ఇచ్చారు. పోయి నీళ్లు పోసుకుని వచ్చారు. కళ్లద్దాలు లేకుండా ఆయనకు దగ్గరి మెట్టు కూడా సరిగా ఆనదు. మేనమామ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. ప్లీడరు గారు అంత సన్నగా ఉంటారని నేను అప్పుడే చూశాను. దేవుని ముందు నిలబడి, ఎటు వైపు చూడాలో తెలియక, కొంచెం పక్కగా చూస్తూ చెప్పారు.

"ఈయన ఆమె చెయ్యి పట్టుకోలేదు. పట్టుకున్నాడని ఆమె నాతో చెప్పలేదు. ఆ మాట నేను కల్పించి రాసినాను. ఆమెకు తెలీదు."

గొంతు కోర్టులో ఉన్నంత పెద్దగా లేదు. వినవలసినవాళ్లు విన్నారు. బావ తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత పెద్దమనుషులతో, "సరే. నా మాట తేలిపోయింది. ఆమె సెప్పలేదు కాబట్టి కేసు మానుకోవాల, బాయి మాట ఎత్తకూడదు. పోదాం పాండి" అన్నాడు.

పందెం మాట ప్రకారం అతను అన్నది సరైనదే.  మేనమామ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అయిపాయె" అన్నాడు.

అప్పుడు ఆమె లోపలికి వచ్చింది. బావ వెంటనే పక్కకు జరిగి, గోడ వైపు తిరిగాడు. ఆమె కూడా అతని వైపు చూడకుండా దేవుని వైపే చూస్తూ చెప్పింది. ఆమె మాటలు నాకు చాలావరకు జ్ఞాపకమున్నాయి.

"బాయి తవ్వేటప్పుడు రాయి పడినాది. తోటాలు పెట్టి పేల్చినారు. అన్నా తమ్ముడూ ఇద్దరూ దిగినారు. పైన తాడు పట్టుకునింది నేనూ, మా అక్కా. ఇద్దరికీ సంగటి నేనే ఎత్తుకోని పోయినాను. నీళ్లు పడిన పొద్దు మా బావ పైకొచ్చి, ‘రేయ్, ఇది మన ఇద్దరిదిరా’ అన్యాడు. నేను విన్యాను. ఇది అబద్దమయితే నా బిడ్డలు నాకు దక్కకుండా పోనీ."

మా అక్క అంది బావ భార్యను. తోడికోడళ్లు ఒకరినొకరు అట్లాగే పిలుచుకుంటారు.

 వయసులో పెద్దగా ఉన్న పెద్దమనిషి బావతో మెల్లగా అడిగాడు. "ఏమబ్బా, ఆమె సెప్పేసింది. నువ్వు ఒంటిగా తవ్వుకున్యావని అంటివి కదా. పోయి నువ్వూ నీళ్లు పోసుకోని వస్తావా?"

అతను కదలలేదు. తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు, తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. "బిడ్డల మింద ఎందుకప్పా ఒట్టేసేది. మా తమ్ముని బిడ్డలు" అన్నాడు చివరికి. బయటికి నడిచి, గడప దాటాక, వెనక్కి తిరగకుండా పెద్దమనిషితో అన్నాడు. "మోటరు గది తీస్తా. పొద్దు వంగకముందే మడవ తిప్పుకోమనప్పా. రేపట్నించి ఎవురి వంతు వాళ్లది."

ఎవరూ సంతోషంతో కేకలు వెయ్యలేదు. ఆమె అప్పటికే గడప దాటి ఊరి దారి పట్టింది. మేనమామ వెనక పరుగెత్తాడు.

మేము చిత్తూరు బస్సు ఎక్కాలి. ప్లీడరు గారు చొక్కా వేసుకుని, తడి పంచెతోనే, తోట చూసి పోదామన్నారు. ఆ ఎండలో ఎందుకన్నాను. ఆయన అప్పటికే నడక మొదలుపెట్టారు. దారిలో ఒక బండివాడు మమ్మల్ని ఎక్కించుకున్నాడు.

మేము చేరేసరికి మోటారు నడుస్తూ ఉంది. బావ బావి దగ్గర లేడు. గది తలుపు తెరిచి వెళ్లిపోయాడు. నీళ్లు కాలవలో పడి వస్తున్నాయి. ఎండిన నేల పీల్చుకుంటూ ఉండడంతో మెల్లగా, నురగతో ముందుకు జరుగుతున్నాయి. ఆమె పారతో మడవ కోసి, పై కయ్యలోకి తిప్పింది. ప్లీడరు గారు గెనిమ మీద నిలబడి చూస్తున్నారు. చెరకు ఆకులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. కింది కయ్యలో చాలా గడలు మొదలు దాకా పసుపెక్కి, కొన్ని చోట్ల వంగి పడి ఉన్నాయి.

"కోలుకుంటుందా అమ్మా?" అని అడిగారు.

"పై కయ్య కోలుకుంటాది సామీ. ఆలస్యంగానైనా గానుగకు వస్తాది." పార ఆపి కిందికి చూసింది. "కింది కయ్య పోయినట్టే. ఆ నోటీసు రాకముందర అయితే అదీ ఉండేది."

నింద వేసినట్టు లేదు ఆ గొంతు. వానలు ఆలస్యమైతే ఎట్లా చెబుతారో అట్లా చెప్పింది. ప్లీడరు గారు కింది కయ్య చివరి వరకు నడిచి పోయారు. ఒక గడను చేత్తో వంచి చూశారు. అది విరిగింది. దాన్ని కింద పడేయకుండా కాసేపు పట్టుకుని, గెనిమ మీద పెట్టి వచ్చారు.

"దానికీ నీళ్లు పెట్టమ్మా. ఏమో, వేరు బతికి ఉంటే" అన్నారు.

"దండగ సామీ. ఆ నీళ్లు పై కయ్యకు ఇంకో సాలు తడుపుతాయి" అంది. మట్టి లాగి కింది మడవ మూసేసి, నీళ్ల వెంట పై కయ్యలోకి పోయింది.